మూడోనాటి అతిథి

శల్మత్ డాబా మీంచి పారబోసిన నీళ్ళు, అంతియొకయ నుంచి కాలినడకన వచ్చిన సువార్తికుడి నెత్తిన పడ్డాయి. అవి మేకవెంట్రుకలు రాత్రంతా నానిన నీళ్ళు. తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి ఆయన అలాగే ఉంచి, రెండో చేత్తో గడ్డంలోంచి ఒక వెంట్రుకల ఉండ తీసి, ఎవరి సొమ్మో పోకూడదన్నట్టు గడప పక్కన పెట్టాడు.

"నాకు బాప్తిస్మం ఇదివరకే అయిందమ్మా," అన్నాడు పైకి చూసి.

ఆమె గబగబా మెట్లు దిగి, కాళ్ళు కడగడానికి తొట్టి తెచ్చింది. సగం పని పైనుంచే అయిపోయిందిగా, ఇక కాళ్ళే మిగిలాయన్నాడాయన. పేరు జబ్దాయ్. చేతికర్ర, ఖాళీ సంచి, రాలిన పళ్ళు. మీసంలో నవ్వు.

శల్మత్ గుడారాలకు బట్ట నేసేది. భర్త నీళ్ళ గొయ్యి తవ్వుతుంటే గోడ మీద కూలి చనిపోయాడు. పిల్లలు లేరు. యూఫ్రటీసు దారిలో ఉన్న ఆ ఊరికి, సమాధిలోంచి తిరిగి లేచిన ప్రభువు మాట మొదట తెచ్చినవాడు సంత వెనక కూచుని చెప్పులు కుట్టుకుంటూ బోధించాడు. వినడానికి వచ్చినవాళ్ళకన్నా వెక్కిరించడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఆమె వెళ్ళిందీ అందుకే. మా దేవుడికి గుడి లేదు, తలుపు తీసినవాళ్ళ ఇల్లే ఆయన ఇల్లు అని అతను అంటే, "మరి ఊడ్చేదెవరు?" అని అడిగింది. అందరూ నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. ఏడాది తిరిగేసరికి ఊడ్చేది ఆమే అయింది. దారిన పోయే బోధకులందరికీ ఆమె ఇల్లే విడిది.

సంఘానికి పెద్ద మానూ. ఆమెకు వరసకు మరిది, పనికి అద్దకంవాడు, మోచేతుల దాకా నీలం. చెడ్డవాడు కాదు, ఒకసారి మోసపోయినవాడు. ఎవరో ప్రవక్తనని వచ్చి ఆలివ్ కోతల నుంచి గొర్రెలు ఈనేదాకా ఉండిపోయాడు. ఆత్మ పూనినప్పుడల్లా వంటకాల పేర్లు వరసగా చెప్పి వండించుకునేవాడు. చివరికి మానూ దుప్పటితో మాయమయ్యాడు. ఆ దారి పొడవునా సంఘాలకు ఒక కట్టుబాటుంది: బోధకుడికి రెండు రాత్రులు విడిది, పోయేటప్పుడు రొట్టె. మూడోనాడు కూడా ఉన్నాడంటే వాడు దొంగ ప్రవక్త. దుప్పటి పోయినప్పటి నుంచి మానూ ఆ కట్టుబాటుని ఉడుంపట్టు పట్టాడు.

జబ్దాయ్‌కి మొదటి రాత్రే జ్వరం తగిలింది. మర్నాడు లేవలేదు. సాయంత్రం మానూ వచ్చాడు.

"రేపు తెల్లారేసరికి పంపించెయ్యి వదినా."

"ఒళ్ళు కాలిపోతోంది మరిదీ. చెయ్యి పెట్టి చూడు."

"ఆ దుప్పటివాడిక్కూడా కడుపునొప్పి వచ్చింది. చలికాలమంతా వచ్చింది."

"ఈయన అలాంటివాడా?"

"వాడూ అలాంటివాడిలా కనపడలేదు. ఉంచుకుంటానంటే నీ ఇష్టం. ప్రభువు దినాన రొట్టె విరిచే చోట మాత్రం నీకు పీట ఉండదు."

వారానికోసారి సంఘం కూడే చోట ఆ పీట తప్ప ఆమెకు ఊళ్ళో ఇంకో చోటు లేదు. అత్తవారు ఎప్పుడో ముఖం తిప్పుకున్నారు. పక్కింటి కుమ్మరామె ఆమెతో మాట్లాడేదంటే ఎత్తిపొడవడానికే.

మాటలు లోపలికి వినిపించినట్టున్నాయి. "ఆ కట్టుబాటు నేనూ ఊరూరా చెప్పుకొచ్చానమ్మా," అన్నాడు జబ్దాయ్. "నాకోసం తప్పొద్దు." చెప్పాడే గాని, కప్పిన దుప్పటి అంచు గుప్పిట్లోంచి వదల్లేదు.

తెల్లవారుజామున ఆ వేళ్ళు విడదీసింది శల్మతే. బార్లీ రొట్టె, అత్తిపళ్ళు గుడ్డలో కట్టి సంచిలో పెట్టింది. లేపి నిలబెట్టి, కర్ర చేతికిచ్చింది. ఆయన ఆశీర్వదించబోతే దగ్గు అడ్డొచ్చింది. తలుపు వేసేసి, గడియ కూడా పెట్టింది. చూస్తే పిలుస్తానని భయం.

సాయంత్రం కంచరగాడిదలవాళ్ళు కబురు తెచ్చారు. ఊరికి కాస్త దూరంలో మైలురాయికి ఆనుకుని ఎవరో ముసలాయన కూచున్నాడనీ, కుక్కలు చేరాయనీ, సంచిలో రొట్టె ముట్టనే లేదనీ. మానూ పార తీసుకుని పరిగెత్తాడు. కుక్కల్ని రాళ్ళతో తరిమి, ఆ రాతినేలలో తనొక్కడే గొయ్యి తవ్వాడు. నీలపు అరచేతులు బొబ్బలెక్కాయి.

"కట్టుబాటు కట్టుబాటే వదినా," అన్నాడు తిరిగొచ్చి.

"నేనేమీ అనలేదుగా."

అన్నది కుమ్మరామె, గోడ మీంచి: "మీ దేవుడింట్లో రెండు రాత్రులకేనా చోటు? మా సత్రంవాడే నయమే. రోగం వస్తే పశువుల పాకలోనైనా పడుకోనిస్తాడు."

శల్మత్ మగ్గం దగ్గరికి పోయింది. ఆ మాట చాలాకాలం ఆమెను వదల్లేదు. బోధకులు వచ్చేవాళ్ళు, రెండు రాత్రులుండి పోయేవాళ్ళు. ఎవరు దగ్గినా ఆమె చేతిలో దారపు కండె జారిపోయేది. ప్రభువు దినాన మానూ విరిచి ఇచ్చిన రొట్టె నోట్లో పెట్టుకునేది. మింగడానికి మాత్రం అందరికన్నా ఎక్కువసేపు పట్టేది.

ఆమె జుట్టు నెరిశాక ఒక చలికాలంలో నుహ్రా అనే కుర్ర బోధకుడు వచ్చాడు. పాదంలో ముల్లు దిగి, చీముపట్టి, కాలు మోకాలిదాకా వాచిపోయి ఉంది. రెండు రాత్రులూ మూలిగాడు. ఆమె ఉప్పునీళ్ళతో కడిగి, నూనె రాసి, కట్టు కట్టింది. మూడోనాడు పొద్దున్నే గడపకు అడ్డంగా నేలలో మేకులు దిగ్గొట్టి మగ్గం పరిచి, నేతకు కూచుంది. లోపలికి పోవాలంటే సగం నేసిన గుడారపు బట్టను తొక్కుకుంటూ పోవాలి. దీనివల్ల తనకేం పోతుందో ఆమెకు తెలుసు. పొద్దున లేవగానే తన పీట సంఘం కూడే ఇంటి నుంచి తనే తెచ్చేసుకుంది. ఇప్పుడు కూచున్నది దానిమీదే.

మానూ వచ్చాడు, వెనక సంఘంలోని ముసలివాళ్ళు. మంచు పడుతోంది. మగ్గం దాటలేక బయటే నిలబడ్డాడు. పీటనూ చూశాడు. గొంతు పెద్దది చెయ్యాలనుకున్నాడు గాని, ముసలితనం వల్ల అది వణికింది.

"మూడోనాడు తెల్లారింది వదినా. నీ అతిథి ఇంకా లేవనేలేదు."

శల్మత్ పోగు బిగించి, తల ఎత్తకుండానే అంది: "మన ప్రభువుక్కూడా లేవడానికి మూడోనాటిదాకా పట్టింది కదా, మరిదీ."