లేచేదాకా మోగాలి

ఏడేళ్లుగా ఒక పచ్చ గుర్తు మోస్తున్నాను. మీకైనా చెప్పకపోతే ఇంక నా వల్ల కాదు.

అప్పుడు ఏలూరులో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కంప్యూటర్ తనంతట తాను చేసే పరీక్షల్ని, వాడబోయేవాళ్లకి అర్థమయ్యే తెలుగు వాక్యాల్లో రాయడం నా పని. ప్రతి వాక్యం వెనకా దాన్ని పరీక్షించే కోడ్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ వాక్యం ప్రకారం నడిస్తే పచ్చ గుర్తు, నడవకపోతే ఎరుపు. వెనక ఏమీ రాయకుండా వదిలేసినా పచ్చే వస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. వాళ్లకి తెలీదు.

వాళ్లంటే ఆకివీడు దగ్గర చేపల చెరువు చేసే దంపతులు. పిన్నిగారూ బాబాయిగారూ అనేవాణ్ణి. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో గాలి చాలక చేపలు చచ్చిపోతాయి. అందుకే బాబాయిగారు ఏళ్ల తరబడి గట్టు మీద పాకలో పడుకున్నారు. ఇకనుంచి కరెంటు పోగానే మా సాఫ్ట్‌వేర్ మీ ఫోన్ మోగిస్తుంది, ఇంట్లో పడుకోవచ్చు అన్నాం.

పిన్నిగారు వరండాలో కళ్లజోడు పెట్టుకుని నా వాక్యాలు వ్రతకథలా పైకి చదివేవారు.

“ఒక్కసారి మోగితే లేవరండీ ఈయన. నెత్తిన డప్పు కొట్టాలి. ‘బాబాయిగారు లేచేదాకా మోగాలి’ అని రాయండి బాబూ.”

“మరీ పరువు తీయకే,” అని బాబాయిగారు నవ్వారు.

“అదెంత పనండీ,” అన్నాను.

మా సాఫ్ట్‌వేర్ ఒక్కసారే మోగేది. సరిచేయడానికి వారం కావాలి. చూపించాల్సింది మర్నాడే. వాక్యం ఉంచి, వెనక ఖాళీగా వదిలేశాను. పచ్చగా వచ్చింది. “మీరు చూశారు కదా బాబూ?” అన్నారావిడ. చూశానన్నాను. తర్వాత సరిచేద్దామనుకున్నానా? అనుకున్నాననే చెప్పుకుంటూ వచ్చాను.

ఆ వానాకాలం, ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. ఫోన్ ఒక్కసారి మోగి ఊరుకుంది. తెల్లారేసరికి చెరువంతా చేపలు తేలాయి.

నేను వెళ్లాను. తిడతారనుకున్నాను. పిన్నిగారు మజ్జిగ ఇచ్చారు. “పచ్చ గుర్తు నేనే చూశానండీ. మోగే ఉంటుంది. ఈయనే లేవలేదు.” బాబాయిగారు తలెత్తలేదు. మజ్జిగ తాగి వచ్చేశాను, ఛీ.

వాళ్లు చెరువు మానేశారు. మొన్న తాడేపల్లిగూడెం స్టేషన్లో ఆయన కనిపించారు. మైకులో బండి పేరు చెప్పగానే లేచి నిలబడ్డారు. అయినా పక్కాయన్ని అడిగారు, “మా బండేనాండీ? నాకు సరిగా వినబడదు.” ఆ చెవులకి ఏమీ కాలేదని నాకొక్కడికే తెలుసు. నేను స్తంభం చాటుకి తప్పుకున్నాను.

ఇప్పుడు పెద్ద కంపెనీలో ఉన్నాను. నా వాక్యాలు ఎవరూ పైకి చదవరు. ఆ వరండా కావాలనిపిస్తుంది. కళ్లజోడు సర్దుకుంటూ “ఇలా కాదు బాబూ” అనే ఆ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుంటుంది. అలా అనుకోవడానికి నాకేం హక్కుంది?

నిన్న ఆ పాత ఫైలు తెరిచాను. ఆ వాక్యం వెనక రాయాల్సింది రాశాను. పది నిమిషాలు పట్టింది. నడిపాను. ఎర్రగా వచ్చింది.

వాళ్ల ఇంటికి వెళ్లే ధైర్యం ఇంకా రాలేదు. ఆవిడ చదివినట్టే గదిలో ఒక్కణ్ణే పైకి చదివాను. బాబాయిగారు లేచేదాకా మోగాలి.

మోగలేదండీ.