దండ పట్టిన ఏనుగుల కోసం నంద్యాల దాకా

ఆళ్లగడ్డలో మా పక్కింటి నారాయణమ్మక్క భర్త రాతిశిల్పి. నంద్యాల ఊరిచివర కొత్తగా కట్టిన పెద్ద కన్వెన్షన్ సెంటర్ గేటుకు ఎనిమిది నెలలు కష్టపడి రెండు ఏనుగులు చెక్కాడు. మోకాలి నొప్పితో వాటి వెంట వెళ్ళలేకపోయాడు. "ఎట్లుండాయో ఫొటో తీసుకొని రాండి" అని అక్కనూ నన్నూ పంపాడు. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి మంగళవారం బయల్దేరాం.

తొమ్మిదికి పల్లెవెలుగు బస్సు ఎక్కితే పది దాటాక నంద్యాల బస్టాండులో దిగాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. అక్కడి నుంచి ఆటోకు మనిషికి ఇరవై రూపాయలు.

"మంగళారం ఆడ ఏముంటాదక్కా, పెళ్ళా పాడా?" అన్నాడు డ్రైవరు. "మాకు క్యాలెండరంటే ఆ హాలే. ముహూర్తముంటే గోస్పాడు, పాములపాడు జనమంతా ఈడే. లేకుంటే చీరల ఎగ్జిబిషను."

గేటు దగ్గర దిగగానే అక్క ముఖం వాడిపోయింది. ఆ ఏనుగులు తలలు దారివైపు తిప్పి, వచ్చేవాళ్ళకు తొండాలతో దండలు అందించాలి. నిలబెట్టినవాళ్ళు కుడిదాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి పెట్టేశారు. ఒకటి టీ బంకుకు దండ వేస్తోంది, రెండోది ట్రాన్స్‌ఫార్మరుకు!

"ఈ ఫొటో ఆయనకెట్ల జూపిచ్చేది? అన్నం గూడా తినడు," అంది అక్క. నేరుగా మేనేజరు దగ్గరికి నడిచింది.

"అందరూ బాగుండాయనే అంటాండారు కదమ్మా," అన్నాడాయన.

"మీ ఇంటికి సుట్టాలొస్తే నువ్వు గోడ తట్టు తిరిగి నిలబడతావా నాయనా?"

ఆయన పకపకా నవ్వి, మార్పించడానికి ఒప్పుకున్నాడు. మర్నాటి పెళ్ళికి స్వాగత ద్వారం నిలబెట్టే క్రేను అక్కడే ఉంది. ఏనుగుల కింది దిమ్మెల మీద సిమెంటు ఇంకా పట్టించలేదు. గోనెసంచులు చుట్టి, కడుపు కింద పట్టీలు వేసి, ఒక్కోదాన్నీ ఎత్తి అటుదిటు మార్చారు. "మెల్లగప్పా, చెవి రాసుకుంటాది!" అంటూ అక్కే చేయి ఊపుతూ నడిపించింది. "నా దండ ఎత్తుకపోతాండారే!" అని టీ బంకాయన గోల. ఆ రెండు గంటల్లో నేను లోపలంతా తిరిగాను. భోజనశాలలో బంతికి ఆరువందల మంది కూర్చోవచ్చు.

ఫొటో పంపగానే అక్క భర్త ఫోన్ చేశాడు. "మొదటినుంచీ ఇట్లే పెట్టినారా?"

"ఇట్లే ఉండాయి. నువ్వు అన్నం తిను," అంది అక్క. ఆయన బ్లాగులు చదవడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అంత పెద్ద హాలులో వేలమంది మధ్య మనల్ని ఎవరు పలకరిస్తారో తెలియదు. గేటు దగ్గరైనా ఒకరు మన వైపు తిరిగి నిలబడితే ఎంత బాగుంటుందో ఆ రోజే తెలిసింది. మీరూ చూడాలనుకుంటే మంగళవారమే వెళ్ళండి. గేటు మధ్యలో నిలబడితే రెండు దండలూ మీకే.