మూడో చరణం

అరకు సంతలో నా అంత చవగ్గా పాట కొన్న మొనగాడు ఇంకొకడు లేడు. ఒక బ్లూటూత్ స్పీకరు, ఒక దుప్పటి ఇచ్చాను. మూడు చరణాల యేసు పాట రాగంతో సహా నా చేతికొచ్చింది.

మాది మైదానం నుంచి కొండెక్కిన ఉప్పు కొట్టు కుటుంబం. ఇప్పుడు అదే కొట్టులో నేను సెల్‌ఫోన్లు అమ్ముతాను, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కిస్తాను. క్రిస్మస్ దగ్గరపడితే కొండ పల్లెలవాళ్ళు అడిగేది ఒకటే, గెంతడానికి వీలైన దేవుడి పాట. అలాంటిదొకటి నేనే చేయిస్తే అనిపించింది. నేను యేసుకి మొక్కను, గిరాకీకి మొక్కుతాను.

పాట కట్టినావిడ ప్రతి శుక్రవారం సంతకి అల్లం తెస్తుంది. వాళ్ళ రేకుల చర్చిలో పాటలన్నీ ఆవిడవే. ఈ పాట మూడో చరణంలో ఆవిడ కూతురుంది. జ్వరంతో కాలిపోతున్న పిల్లని డోలీలో మోసుకుని దిగుతుంటే, రోడ్డు కనిపించకముందే ప్రాణం పోయింది. నేను దించలేని దాన్ని నువ్వెత్తుకున్నావా ప్రభువా అని ఆ చరణం దేవుణ్ణే నిలదీస్తుంది. కొట్టు ముందు గోనె మీద కూర్చుని పాడుతుంటే నా కళ్ళు చెమర్చాయి. ఆ కళ్ళతోనే దుప్పట్లలో అంచు చిరిగినదాన్ని వెతికాను.

ఆవిడ బేరమాడలేదు. సంతలో వాళ్ళ అల్లానికి ధర చెప్పేది ఎప్పుడూ మేమే, వాళ్ళు తలూపుతారు. ఆ అలవాటు మీదే, పాట మీద హక్కంతా నాదని రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. "స్పీకరు సర్చిలో ఎట్టుకుంటాం సావుకారీ" అంది, అంతే.

విశాఖలో ఒక స్టూడియోకి ఆ కాగితం ఇచ్చి, పాట రాబడిలో వాటా కుదుర్చుకున్నాను. యజమాని పాట విని, "మూడోది తీసెయ్ గురూ. చావు మీద బీటు కూర్చోదు. రేపు పెళ్ళి ఊరేగింపులో వెయ్యొద్దూ?" అన్నాడు.

వద్దనాల్సింది. తీసేస్తే ఖర్చెంత తగ్గుతుందని అడిగాను. అలా అడిగిన నా నోటిని ఇప్పటికీ క్షమించలేను.

పట్నం అమ్మాయి పాడింది. థింసా డప్పు మీద డీజే బీటు పడింది. నెల తిరక్కుండా లోయలో ప్రతి ఆటోలోనూ అదే మోగింది. శుక్రవారం ఆవిడ కొట్టు దగ్గర నిలబడి మొత్తం వింది.

"పాట బాగానే గెంతుతంది. ఇందులో నా గుంట ఏదీ?"

"పొడుగైపోయిందని కోసేశారు అప్పా."

"దారి పొడుగైపోనాదని నేను దాన్ని మద్దిలో దింపీసినానా?"

ఛార్జర్లు సర్దుకున్నాను.

క్రిస్మస్‌కి వాళ్ళ చర్చివాళ్ళు ఆవిడ చేత మూడు చరణాలూ పాడించి, వీడియో యూట్యూబ్‌లో పెట్టారు. మూడో రోజు అది మాయమైంది. పాట తమదని స్టూడియో ఫిర్యాదు పెట్టింది. నేను అమ్మిన ఫోన్‌లోనే ఆ ముక్క నాకు చూపించింది ఆవిడ. "నా పాట నేను పాడకూడదా? ఏటి సావుకారీ ఇది?"

ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేసి స్టూడియోవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు తాపీగా అన్నాడు. "వేలిముద్ర కాగితం తెచ్చిందెవరు గురూ? నేను కొండెక్కానా?" ఇంకా మండింది, ఎందుకంటే అది నిజం. పాటలో నా వాటా మొత్తం వదిలేస్తేనే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాడు. బతుకులో మొదటిసారి చెప్పిన ధరకే కొన్నాను.

వీడియో తిరిగొచ్చింది. కిందటి ఆదివారం వాళ్ళ చర్చికి వెళ్ళి వెనక నిలబడ్డాను. పిల్లలు ఆ పాటే అందుకుని ఎగిరెగిరి పాడారు. రెండో చరణం అవగానే చప్పట్లు కొట్టి ఆపేశారు. వాళ్ళకి తెలిసిన పాట అంతవరకే, ఆటోల్లో మోగేది. మూడోది ఆవిడ ఒక్కతే పాడింది. పిల్లలు అప్పటికే బయట ఆడుకుంటున్నారు.

ఇక లెక్క. ఇచ్చింది స్పీకరు, చిరిగిన దుప్పటి, చివరికి నా వాటా. తీసుకున్నది ఒక చరణం. దాన్ని వీడియోలోకి తిరిగి తేగలిగాను. ఆ పిల్లల నోటికి తేలేకపోయాను.