మా తోడల్లుడి బురద

మా తోడల్లుడి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే నాకు చేతులు రావు. అతనంటే నాకు కడుపుమంట, ఇందులో దాచుకునేదేం లేదు. అయినా రాస్తున్నాను.

ఇద్దరిదీ ఒకటే పని. ఊరి మురుగునీటిని శుభ్రం చేసి నదిలోకి వదిలే ప్లాంట్లలో ఆపరేటర్లం. మా ఊరు నదికి ఎగువన, వాళ్ళ ఊరు దిగువన. మా మరదల్ని పెళ్ళి చేసుకున్న కొత్తలో, పని నేర్చుకుంటానని వారం రోజులు నా వెనకాలే తిరిగాడు. జాడీ చూడటం నేర్పింది నేనే. గాలి కొట్టే ట్యాంకులో నీళ్ళు లీటరు జాడీలో పోసి అరగంట కదపకుండా ఉంచాలి. మురుగును తినే సూక్ష్మజీవులు బాగుంటే గోధుమరంగు బురద అడుక్కి దిగి, పైన నీళ్ళు తేటపడతాయి. ఇప్పుడు మా మామగారు ఎవరొచ్చినా చిన్నల్లుడి జాడీ గురించే చెబుతారు. నా భార్యా తక్కువది కాదు. "మరిదిగారి ప్లాంటు దగ్గర అసలు వాసనే రాదటండీ" అంటుంది, సరిగ్గా నేను అన్నం ముందు కూర్చున్నప్పుడే. అతనేమో ఒక్కనాడూ గొప్పలు చెప్పుకోడు. చెప్పుకుంటే కనీసం తిట్టుకునేవాణ్ణి.

మొన్న వేసవిలో ఒక సోమవారం పొద్దున మా ట్యాంకు మీద తెల్లటి నురగ లేచింది. ఇనుప సామాన్లకు పూత వేసే వర్క్‌షాపు వాళ్ళెవరో డ్రైనేజీలో యాసిడ్ పారబోశారు. జాడీలో బురద దిగలేదు, బూడిదరంగు నీళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. సూక్ష్మజీవులు చచ్చాయి. ఊళ్ళో మురుగు ఆపితే ఆగేది కాదు కనుక, సగం శుభ్రమైన నీళ్ళే నదిలోకి పోతున్నాయి.

దీనికి మందు ఒకటే. బాగున్న ప్లాంటు నుంచి బతికున్న బురద తెచ్చి, పాలలో తోడు వేసినట్టు మన ట్యాంకులో కలపాలి. దగ్గర్లో ఉన్నది ఒక్క ప్లాంటే. అది ఎవరిదో చెప్పక్కర్లేదు.

"మీ తోడల్లుడే కదా, ఒక ఫోన్ కొట్టండి" అన్నాడు మా ఇంజనీరు.

"అక్కర్లేదు సార్, రెండ్రోజుల్లో అవే కోలుకుంటాయి" అన్నాను. అబద్ధమని నాకు తెలుసు. గాలి పెంచాను, సున్నం కలిపాను. చిన్నల్లుడి బురదతో పెద్దల్లుడి ప్లాంటు నిలబడిందని మామగారు వీధి వీధంతా చెప్పడం అప్పుడే నా చెవుల్లో వినబడుతోంది. మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. గురువారం పొద్దున ఒడ్డు వెంట చేపలు వెల్లకిలా తేలాయి. అప్పుడు ఫోన్ చేశాను.

రెండు గంటల్లో ట్యాంకరు మా గేటు ముందుంది. అతనే దిగి పైపు బిగించాడు. చిక్కటి బురద, తొలివానకు తడిసిన మట్టి వాసన. నా బురద ఎప్పుడైనా ఇంత బాగుందా అని ఆ సమయంలో కూడా పోల్చుకున్నాను. పాడు బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ట్యాంకరు ఇంత తొందరగా ఎలా దొరికింది?" అని అడిగాను.

"సోమవారం నుంచీ మా గేటు దగ్గరే పెట్టుకున్నా అన్నయ్యా. మీ నీళ్ళు మా మీదుగానే కదా పోయేది. చూడగానే తెలిసింది."

"తెలిసీ నాలుగు రోజులు ఊరుకున్నావా? ఒక మాట అడగొచ్చుగా" అన్నాను. గొంతు లేచింది.

అతను పైపు మీంచి చూపు తిప్పలేదు. "నేనడిగితే మీకు నచ్చదు. ఆమధ్య మీ పంపు చెడితే మనిషిని పంపుతానన్నందుకు నెల రోజులు మాట్లాడలేదు మీరు. వదిన కూడా, ఆయన్ని కదిలించకు అంది. అందుకని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది అన్నయ్యా, తప్పు నాదే."

నా కుళ్ళు ఎవరికీ తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంటిల్లిపాదీ దాన్ని తగలకుండా పక్కకు తప్పుకుని నడుస్తున్నారన్నమాట. తప్పు నాదే అనాల్సినవాణ్ణి నేను. అందులోనూ అతనే ముందయ్యాడు.