బంద్‌ల కాలంలో మా సొరకాయ

తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన ఆ రోజుల్లో అందరికీ ఒక్కటే ధ్యాస ఉండేది, నాకు మాత్రం రెండుండేవి. ఒకటి తెలంగాణ, రెండోది సొరకాయ. (ఏది ముందని అప్పుడు ఎవరైనా నిలదీస్తే నీళ్లు నమిలేదాన్ని.) కొత్తగా పెళ్లయి కొత్తపేటలో రెండో అంతస్తులో కిరాయికి దిగాం. ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేని బాల్కనీ మాది. అందులో ఖాళీ పెయింటు బకెట్లు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి ఏరుకొచ్చిన థర్మకోల్ డబ్బాలు పెట్టి పుదీన, కొత్తిమీర, పుంటికూర (అదే, గోంగూర), ఒక మూలన సొరపాదు వేశాను. మట్టి మాత్రం మా ఆయన అల్మాస్‌గూడ దాకా పోయి, బియ్యం సంచుల్లో నింపి, స్కూటర్ మీద మోసుకొచ్చాడు. దారంతా సంచి కారి, ఇంటికి చేరేసరికి సగం మట్టి, మా ఆయన నడుం నొప్పి మిగిలాయి.

ఇంత ఆర్భాటం దేనికంటే మా అత్తమ్మ కోసం. అత్తమ్మది నల్గొండ దగ్గర పల్లె, పుట్టినప్పటి నుంచీ ఎవుసమే. నేనేమో దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో పుట్టి, కూరగాయలు బండి మీద కాస్తాయనుకుంటూ పెరిగినదాన్ని. పెళ్లిచూపుల్లోనే ఆమె నా అరచేతులు తిప్పి చూసి, "పట్నం పిల్ల, మట్టి ముట్టదు" అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే ఫోన్‌లో నోరు జారాను. బాల్కనీ నిండా సొరకాయలే అత్తమ్మా, నడవడానికి సందు లేదు, వచ్చి చూడమన్నాను. నిజానికి అప్పటికి ఉన్నది ఒక్క పిందె. అదైనా మా బాల్కనీలో లేదు. తీగ రెయిలింగ్ దాటి కిందికి జారి, మొదటి అంతస్తులో మా ఓనరమ్మ బాల్కనీ గ్రిల్లులోకి దూరి, అక్కడ కాసింది.

ఓనరమ్మది గుంటూరు వైపు. మనిషి మంచిదే కానీ న్యాయం దగ్గర మహా పట్టుదల. వేరు మీ ఇంటిదైనా కాయ మా ఇంటిదే కదమ్మాయ్ అని కూర్చుంది. నీళ్లు పోసింది నేనన్నాను. నీళ్లు మా బోరువే అందామె. (బయట రోడ్డు మీద కూడా అప్పుడు ఇంచుమించు ఇదే గొడవ.) చివరికి ఒప్పందం కుదిరింది. అత్తమ్మ వచ్చిన రోజు కాయ కోసి కూర వండాలి, సగం కిందికి పంపాలి. ఒప్పందం కాగానే ఆమె పాత చీర ముక్కతో కాయకు ఉయ్యాల కట్టింది.

వ్యవసాయంలో నాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే, పిందెకు వేలు చూపిస్తే కుళ్లిపోతుందని. ఆ ఒక్కటీ ఇల్లంతా అమలు చేశాను. మా ఆయన మోచేత్తో చూపించేవాడు, ఓనరమ్మ గడ్డంతో చూపించేది. ఇక అత్తమ్మ రావడమే మిగిలింది. ఆమె బయల్దేరుదామనుకున్న ప్రతిసారీ బంద్. ఒక వారం బంద్, మరుసటి వారం రాస్తారోకో, ఆపై వారం బస్సులే లేవు. బస్టాండు దాకా వచ్చి తిరిగిపోవడం కూడా అయింది. ఓనరమ్మ రోజూ "కోసేద్దామా అమ్మాయ్, ముదిరిపోతుందేమో" అనేది. ఈమెకు సగం వాటా కోసం ఎంత ఆత్రమో అని లోపల తిట్టుకుని, అత్తమ్మ చూడందే కత్తి పెట్టేది లేదన్నాను.

చివరికి అత్తమ్మ ఊడిపడింది. అదీ నిఖార్సయిన బంద్ రోజునే. సభకు జనాన్ని తెస్తున్న డీసీఎం లారీ ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి, అక్కణ్ణుంచి నడిచొచ్చిందట. నాలుగుసార్లు జై తెలంగాణ అంటే కిరాయి అడగలేదట. రైతు బజార్ మూసి ఉంది, ఇంట్లో కూరగాయ ముక్క లేదు. అయినా నాకు భయమెందుకు, సొరకాయ ఉంది! చెయ్యి పట్టుకుని ఆమెను నేరుగా ఓనరమ్మ బాల్కనీకి తీసుకుపోయాను. ఓనరమ్మ అప్పటికే పళ్లెం, కత్తి పట్టుకుని సిద్ధంగా నిలబడింది. అత్తమ్మ ఉయ్యాలలో కాయను చూసి, నిండుగా చూపుడువేలు చాపి, "గిదేనా?" అంది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎగిరి అత్తగారి వేలు గుప్పిట్లో పట్టేసుకున్నాను. "వేలు చూపియ్యకున్రి అత్తమ్మా, కుళ్లిపోతది!"

కోడలు అత్త వేలు పట్టి లాగడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూసి ఉండరు. అత్తమ్మ నెమ్మదిగా వేలు విడిపించుకుని, బొటనవేలి గోరుతో కాయను నొక్కింది. గోరు దిగలేదు. తట్టి చూసింది, తలుపు కొట్టినట్టు టక్కుమంది. పిందె వయసు దాటి ఎన్నాళ్లయిందో, రాయిలా ముదిరింది. ఓనరమ్మ కత్తి కిందికి దించింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పుడామె ఏమంటుందో నాకు తెలుసు, అరచేతులు చూసిన రోజే అనేసింది కదా.

అత్తమ్మ నా వైపు ఒకసారి చూసి, ఓనరమ్మ వైపు తిరిగింది. "ఇది కూరకాయ గాదమ్మా, ఇత్తనపు కాయ. మొదటి కాయను ఇత్తనానికి ఇడుస్తరు. మా కోడలికి గది ఎర్క, గందుకే కొయ్యలే."

"అయ్యో, నాతో ఒక్క మాట చెప్పొద్దా అమ్మాయ్? రోజూ కోయమని నీ ప్రాణం తీశాను" అంటూ ఓనరమ్మ నొచ్చుకుంది. నేను అన్నీ తెలిసినదానిలా ముఖం పెట్టి నిలబడ్డాను. ఆ పూట బకెట్లో పుంటికూర తెంపి అత్తమ్మే పప్పు వండింది, ఒప్పందం ప్రకారం సగం కిందికి పంపాం. కాయ తీగ మీదే ఎండాక గింజలు కూడా చెరిసగం పంచుకున్నాం.

రెండేళ్ల తర్వాత ఊరికి పోతే, అత్తమ్మ పెరటి పందిరి మీద అప్పుడే కాసిన మొదటి లేతకాయను పుటుక్కున తెంపింది. నేను లబోదిబోమన్నాను, విత్తనానికి వదలాలి కదా అని.

"మొదటి కాయ ఎవలన్న ఇత్తనానికి ఇడుస్తరా పిల్లా? నీకెవలు చెప్పిన్రు?"

ఆమె ముఖంలో నవ్వు జాడ లేదు. ఎవరో పెద్దామె చెప్పిందన్నాను.

"గామె మాట ఇనకు, గామెకేం ఎర్క లేదు" అంటూ ఆ లేతకాయను నా చేతిలో పెట్టింది.

నేను మాత్రం ఆమె మాట వినలేదు. ఇప్పటికీ ఏటా మొదటి సొరకాయను కొయ్యకుండా ముదరనిస్తాను. ఎందుకని ఎవరైనా అడిగితే, మా అత్తమ్మ చెప్పిందని అన్నీ తెలిసినదానిలా ముఖం పెడతాను.