మూత బిగించిన కారు

మా ఆయన గుడివాడ కాలేజీలో కామర్సు చెప్పేవారు. కార్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువ, తెలిసినదాని మీద నమ్మకం ఎక్కువ. తొంభైల మధ్యలో, ప్రాక్టీసు మానేసిన ఒక డాక్టరుగారి దగ్గర పాత కారు కొన్నారు. వయసులో నాకంటే పెద్దది. గుండ్రటి ఒళ్లు, వెడల్పాటి ముందు సీటు, సగం దాకా దిగి మొరాయించే అద్దాలు. "ఇలాంటి బళ్లు ఇప్పుడు చెయ్యట్లేదండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఎందుకు చెయ్యట్లేదని ఎవరూ అడగలేదు, మర్యాదస్తులు.

నాకు దాంతో ఉన్న ఇబ్బంది పెట్రోలు వాసన. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పేది. రెండుసార్లు చెప్పాను. తర్వాత ఒకసారి చెప్పే వ్యవధి లేక పామర్రు దగ్గర దిగి వాంతి చేసుకున్నాను. దాంతో ఆయనకు పట్టుదల వచ్చింది. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి కారు కిందికి దూరారు. ట్యాంకు మూతకు చిన్న బెజ్జం ఉందనీ, ట్యాంకు పైనుంచి సన్నటి గొట్టం ఒకటి పనీపాటా లేకుండా గాల్లోకి తెరుచుకుని ఉందనీ కనిపెట్టారు. వాసనంతా వాటిలోంచేనని తేల్చారు. గొట్టంలో బట్టల సబ్బు కూరి పైన గుడ్డ కట్టారు. మూత లోపల సైకిలు ట్యూబు ముక్క కోసి వేశారు.

"ఇంత చిన్న పని డాక్టరుగారికి ఇన్నేళ్లూ తట్టలేదు చూడు" అన్నారు.

వాసన తగ్గిందా అని పూటపూటా అడుగుతుంటే తగ్గిందనే చెప్పాను. బజారుకూ స్టేషనుకూ తిరిగినన్నాళ్లు కారుకూ ఏ లోటూ రాలేదు.

ఇంతలో అవనిగడ్డలో మా ఆడపడుచు ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పుట్టింటి తరపున మేం బట్టలు పెట్టాలి. బస్సుకు వెళ్దామన్నారు అత్తగారు.

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు ఈయన. నలుగురూ ఏమనుకోవాలో కూడా అప్పటికే నిర్ణయించి ఉంచారు.

కూచిపూడి దాటాక కారు రెండు దగ్గులు దగ్గి ఆగింది. ఈయన దిగి బానెట్ ఎత్తి, పరీక్షలో కాపీ కొడుతున్న కుర్రాణ్ని చూసినట్టు ఇంజన్ వైపు చూశారు. అది చలించలేదు. పెట్రోలు ఉందో లేదోనని వెనక్కి వెళ్లి రెండు చేతులతో మూత తిప్పారు. 'సుయ్' మని పొడుగ్గా చప్పుడైంది. కొబ్బరి ఈనె ముంచి చూస్తే కావలసినంత పెట్రోలు. మళ్లీ మూత బిగించి వచ్చి తాళం తిప్పగానే స్టార్టయింది.

"వేడెక్కిందంతే" అన్నారు.

చల్లపల్లి దాటాక మళ్లీ ఆగింది. పొలంలోంచి వచ్చిన ఒకాయన ప్లగ్గు అన్నాడు, సైకిలు దిగిన ఇంకొకాయన పెట్రోల్లో నీళ్లన్నాడు. ఇద్దరికీ ఈయన తలూపారు. మళ్లీ మూత, మళ్లీ సుయ్, మళ్లీ ఈనె. కారు కదిలింది.

"ఏమండీ, మీరు మూత తీసినప్పుడల్లా స్టార్టవుతోంది" అన్నాను.

"మూతకూ ఇంజనుకూ సంబంధమేంటి? అది వెనకుంది, ఇది ముందుంది."

అంత స్పష్టంగా చెప్పాక ఇక దారి చూస్తూ కూర్చున్నాను.

ఏటి మీది పులిగడ్డ అక్విడెక్టు వంతెన ఎక్కాక, సరిగ్గా మధ్యలో, వెనక నుంచి 'ధబ్' మని మోగింది. కారు ఆగిపోయింది.

"ఎవడన్నా గుద్దాడేమిట్రా?" అన్నారు అత్తగారు.

ఎవరూ గుద్దలేదు. వెనక బస్సు, ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు, రెండింటి హారన్లూ. వంతెన మీద పక్కకు తిప్పే చోటు లేదు. అత్తగారు బట్టల సంచీ తీసుకుని నెమ్మదిగా దిగారు.

"నేను ఆ బస్సెక్కుతున్నాను నాయనా. ముహూర్తం నీ బండి కోసం ఆగదు."

వెళ్లి కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సులోవాళ్లు దిగి మా కారును వంతెన చివరిదాకా తోసి, తిరిగి బస్సెక్కారు. మమ్మల్ని దాటి వెళ్తున్నప్పుడు అత్తగారు ఎవరో తెలియనివాళ్లను చూసినట్టు ఏటివైపు చూస్తున్నారు.

ఈసారి నేనే దిగాను. చీరకొంగు చుట్టి మూత తిప్పాను. సుయ్ మని గాలి లోపలికి పోతూనే ఉంది. నా అరచెయ్యి అడ్డం పెడితే లోపలికి లాక్కుంది.

"ఇప్పుడు తిప్పండి."

స్టార్టయింది.

"మూత పెట్టిరా."

"పెట్టను. అవనిగడ్డ వెళ్లాక ఇస్తాను."

ట్యాంకు మూతికి ఆయన జేబురుమాలు వదులుగా కట్టి, మూత ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన బండి పోనిచ్చారు. కారు ఎక్కడా ఆగలేదు.

అవనిగడ్డ షెడ్డులో మెకానిక్ కారు కింద పడుకుని చూసి, మమ్మల్నీ వంగి చూడమన్నాడు. ట్యాంకు అడుగు భాగం సొట్టపోయిన తపేలాలా లోపలికి లాక్కుపోయి ఉంది.

"పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోట్లోకి గాలి రావాలి కదండీ. దారి లేకపోతే పెట్రోలూ రాదు, రేకూ ముడుచుకుంటది. ఈ గొట్టంలో సబ్బెవరండీ పెట్టింది?"

"అంతకుముందు ఓనరు" అన్నారు మా ఆయన, తడుముకోకుండా. "డాక్టరట."

అది బట్టలకని నేను కొన్న నీలం సబ్బు. రంగు ఇంకా అలాగే ఉంది. మొగుడి పరువు కాపాడాలో, ముఖం తెలియని డాక్టరుగారి పరువు కాపాడాలో తేల్చుకోలేక రోడ్డువైపు తిరిగాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

మెకానిక్ తీగతో సబ్బు లాగేశాడు. మూతలోంచి ట్యూబు ముక్క తీసేశాడు. ట్యాంకు సొట్ట జోలికి పోలేదు. అసలు వాసన వచ్చేది పెట్రోలు పోసే గొట్టం దగ్గర చిట్లిన రబ్బరు పైపులోంచని చూపించి, అదొకటి మార్చాడు.

మేం వెళ్లేసరికి గృహప్రవేశం అయిపోయింది. అత్తగారు బట్టలు పెట్టేసి, భోజనం ముగించి, బస్సు ఎంత సుఖంగా ఉందో చుట్టాలకు చెప్తున్నారు. సాయంత్రం బయల్దేరుదామంటే నాలుగు రోజులుండి వస్తానన్నారు.

"కారు బాగైందమ్మా" అన్నారు ఈయన.

"మంచిదేగా నాయనా, మీరు కార్లో వెళ్లండి" అన్నారు ఆవిడ.

ఇద్దరమే బయల్దేరాం. అక్విడెక్టు దాటాం, మొవ్వ దాటాం, పామర్రు దాటాం. కారు ఒక్క దగ్గు దగ్గలేదు. గుడివాడ చేరేసరికి మా వీధిలో కరెంటు లేదు, అరుగుల మీద ఒక్క మనిషీ లేడు. ఆగకుండా వచ్చిన కారును చూసే నాథుడే లేడని ఆయనకు చాలా కష్టంగా ఉన్నట్టుంది. నన్ను గుమ్మం దగ్గర దింపి, హారన్ కొట్టుకుంటూ వీధంతా ఇంకో చుట్టు చుట్టి వచ్చారు.