గోపన్‌పల్లి గుట్ట దగ్గర డిస్పాచ్ బండి

డిసెంబరులో ఒక సాయంత్రం మా ట్రక్కు గోపన్‌పల్లి దాటింది. మట్టిదారిలో చాలాసేపు కుదిపి, ఒక గుట్ట కింద ఆగింది. దిగాం. ఎదురుగా ఇల్లంత బండలు, వాటి మధ్య ఎండిన గడ్డి, తుమ్మచెట్లు. గాలి పొడిగా, చల్లగా ఉంది. దూరంగా మాదాపూర్ వైపు క్రేన్లు కనిపిస్తున్నాయి. అక్కడ కంప్యూటర్ కంపెనీల కోసం పెద్ద భవనం కడుతున్నారని డ్రైవరు చెప్పాడు. ఎవరూ అటు ఎక్కువసేపు చూడలేదు. మా పని గుట్ట వెనక ఉంది.

ఇది తొంభైల చివరి మాట. ఇప్పుడు మీలో చాలామంది ఆ గుట్ట పక్కనుంచే ఆఫీసులకు పోతున్నారు. గుట్ట సగమే మిగిలిందని విన్నాను.

కొత్త రోడ్డు కోసం మట్టి తవ్వుతుంటే పాత ఫిరంగి గుండ్లు బయటపడ్డాయి. ఏ కాలానివో ఎవరికీ తెలియదు. తుప్పు పట్టి ఉన్నాయి, కానీ లోపలి మందు చావలేదు. వాటిని కదిలించకూడదు. ఉన్నచోటే, చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి, పేల్చేయాలి. మాది సైన్యం ఇంజనీర్ల విభాగంలో ఆ పని చేసే చిన్న దళం.

దళానికి పెద్ద సుబేదార్ సాబ్, గఢ్వాల్ కొండల మనిషి, ఒక మాటకు రెండో మాట కలపడు. పేలుడు మందు అమర్చేది ఒక నాయక్. రేడియో సెట్టు చూసేది కేరళ ఆపరేటర్. నేను లాన్స్ నాయక్‌ని, కడప జిల్లావాణ్ణి, డిస్పాచ్ రైడర్‌ని. అంటే మోటార్‌సైకిల్ మీద కబురు మోసేవాణ్ణి. మా మాటలన్నీ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

రేడియో ఉండగా కబురుకు మనిషెందుకని మీరు అడగవచ్చు. మందును ముట్టించడానికి మేం వాడేవి కరెంటుతో పేలే డిటోనేటర్లు. వాటి పెట్టె తెరిచాక దగ్గర్లో రేడియో వాడకూడదు. ఆ తరంగాలకే తీగలో కరెంటు పుట్టి డిటోనేటర్ పేలిపోవచ్చు. అందుకని పెట్టె తెరిచే ముందు ఆపరేటర్ సెట్టు ఆపేసి, "రేడియో బంద్" అని గట్టిగా చెప్పేవాడు. ఆ క్షణం నుంచి పేలుడు దాకా గుట్టకు అటువైపు వాళ్లకూ ఇటువైపు వాళ్లకూ మధ్య ఉండేది నా బండి ఒక్కటే.

రోజూ వరస ఒకటే. తెల్లవారుజామున గుట్ట కింది గుడిసెల్లో ఉన్న కూలీలను ఖాళీ చేయించాలి. పాలమూరు నుంచి రోడ్డు పనికి వచ్చినవాళ్లు. వాళ్ల మేస్త్రి లెక్క చూసి "అందరూ వచ్చిన్రు" అనాలి. నేను గుట్ట చుట్టూ తిరిగి, గోపన్‌పల్లి వైపు, మణికొండ వైపు దారులు మూసి ఉన్నాయని చూసుకుని, సుబేదార్‌కు చెప్పాలి. తర్వాత గుడిసెల వైపు మలుపు దగ్గర నిలబడాలి. మొదటి విజిల్ మోగిన అయిదు నిమిషాలకు రెండో విజిల్. దాని వెంటే పేలుడు.

ఇబ్బంది బండితో వచ్చింది.

పాత బండి, మూడువందల యాభై సీసీ. వేడెక్కాక సగం కిక్కుకే అందుకునేది. చల్లగా ఉంటే మాత్రం కదలదు. మొదటి ఉదయం చెమటలు పట్టేదాకా తన్నాను. చివరికి నాయక్, ఆపరేటర్ కలిసి వాలులో తోస్తే అందుకుంది. సుబేదార్ సాబ్ గడియారం చూసుకున్నాడు.

"రేపు కూడా ఇంతేనా?" అన్నాడు.

"సరిచేస్తాను, సాబ్."

"చెయ్యి. బండి లేకపోతే నాకు చెవులు లేవు."

ఆ రోజు ప్లగ్గు విప్పి, ఇంజను తలకు ఆనించి కిక్కు కొట్టి చూశాను. నిప్పురవ్వ నీలంగా, బలంగా పడింది. అయినా చందానగర్ బజారుకు వెళ్లి కొత్త ప్లగ్గు తెచ్చి వేశాను. మర్నాడు అదే కథ. పెట్రోలులో నీళ్లున్నాయేమోనని సీసాలోకి వంచి వెలుతురుకు పట్టి చూశాను. శుభ్రంగా ఉంది. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు రుద్ది, వాటి సందు సరిచేశాను. మార్పు లేదు. ఇంజనుకు గోనెసంచి చుట్టి పడుకున్నాను. పొద్దున, పెట్రోలూ గాలీ కలిసే కార్బొరేటర్ మీద వేడినీళ్లు పోశాను. దానితో కొంచెం మేలు కనిపించింది, కానీ రోజూ వేడినీళ్లు పోసే తీరిక ఉండదు.

"దానికి కూడా కప్పుకోవడానికి ఒక రజాయి ఇప్పించు. నాకు రెండోది ఎలాగూ ఇవ్వరు," అన్నాడు ఆపరేటర్.

నేను నవ్వలేదు. చివరి గుంటలో ఉన్న గుండ్లు పెద్దవి, ఒకేచోట గుంపుగా ఉన్నాయి. వాటి వంతు మర్నాడు.

ఆ సాయంత్రం బండి పూర్తిగా చల్లారనిచ్చాను. చోక్ లీవరు చివరిదాకా లాగి, పదిసార్లు తన్ని, వెంటనే ప్లగ్గు విప్పాను. పొడిగా ఉంది. అన్నిసార్లు తన్నాక ప్లగ్గు తడిసి పెట్రోలు వాసన కొట్టాలి. చల్లటి ఇంజనుకు పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ కావాలి. చోక్ చేసేది అదే, గాలిదారిని మూస్తుంది. లీవరు చివరిదాకా వచ్చినా ప్లగ్గు పొడిగా ఉందంటే, పెట్రోలు అందడం లేదు, లేదా గాలి ఎక్కువ పోతోంది. కార్బొరేటర్ విప్పితే తెలుస్తుంది. కానీ చీకటి పడింది. విప్పి, పొద్దుటికి బిగించలేకపోతే ఉన్న బండి కూడా పోతుంది. వద్దనుకున్నాను. రేపటి పని అయ్యాక విప్పుదాం అనుకున్నాను.

మర్నాడు పొగమంచు. వేడినీళ్లు పోసి, తోయించి, స్టార్ట్ చేశాను. మేస్త్రి అందరూ వచ్చారన్నాడు. దారులు చూసి వచ్చి సుబేదార్‌కు చెప్పాను.

"క్లియర్, సాబ్."

"మలుపు దగ్గరికి పో. ఇవాళ ఆలస్యం కాదు."

ఆలస్యమైంది. మలుపు దగ్గర దారి ఆపుతున్న హెడ్ కానిస్టేబుల్ యాదగిరితో కలిసి నిలబడ్డాను. భారీ మనిషి, ఖాకీ మీద చేత్తో అల్లిన స్వెట్టరు వేసుకునేవాడు. విజిల్ కోసం చూశాం. రాలేదు. తీగల్లో ఎక్కడో తెగిందనీ, నాయక్ మొత్తం వెతికి మళ్లీ కలిపాడనీ తర్వాత తెలిసింది. మాకప్పుడు ఏమీ తెలియదు. ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాను. రాయిలా చల్లబడింది.

ఎండ వచ్చింది. మంచు మెల్లగా లేచిపోతోంది. బండలు ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

"ఫౌజీ సాబ్, గా పొగ జూడుండ్రి," అన్నాడు యాదగిరి.

చూశాను. మంచు కాదు. గుడిసెల వరసలో, నీలి బరకం కప్పిన ఒక గుడిసె మీదనుంచి సన్నగా, నిటారుగా లేస్తోంది. పొయ్యి పొగ.

"మేస్త్రి అందరు వచ్చిన్రు అన్నడు గదా," అన్నాడు మళ్లీ, గొంతు తగ్గించి.

అప్పుడే గుట్ట అవతలనుంచి మొదటి విజిల్ వినిపించింది.

యాదగిరి తన విజిల్ తీసి ఊదాడు. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. మధ్యలో గుట్ట. మా విజిల్ అటు పోదు, మా ఎర్రజెండా వాళ్లకు కనబడదు.

"నేను ఉరుకుత. ఎవలున్నరో పట్కొస్త," అని బారికేడు దాటబోయాడు. చెయ్యి పట్టి ఆపాను.

"వద్దన్నా. నువ్వు పోయి తిరిగొచ్చే టైం లేదు. ఆపాల్సింది అక్కడ."

బండి ఎక్కి తన్నాను. ఏమీ లేదు. మళ్లీ. మళ్లీ. అక్కడ నేల చదును, పైగా ఇసుక. తోసినా చక్రం జారుతుంది తప్ప ఇంజను తిరగదు. లీవరు చూశాను. చివరిదాకా లాగే ఉంది. సాయంత్రం చూసిన పొడి ప్లగ్గు గుర్తొచ్చింది. పెట్రోలు అందకపోవడమే కారణమైతే ఇప్పుడు చేయగలిగింది లేదు. గాలి ఎక్కువవడమైతే ఉంది.

దిగి, కార్బొరేటర్‌కు గాలి వచ్చే రబ్బరు గొట్టాన్ని ఊడబీకాను.

"అన్నా, ఇట్రా. ఈ రంధ్రం మీద అరచెయ్యి పెట్టు. గాలి దూరకూడదు."

"ఏమైతది?"

"పెట్టన్నా."

కూర్చుని గట్టిగా మూశాడు. తన్నాను. ఇంజను లోపల ఏదో మెత్తగా అడ్డుకున్నట్టు అనిపించింది.

"చెయ్యి గుంజుతుంది సాబ్. తడి అయితుంది."

"తియ్యొద్దు."

రెండోసారి తన్నాను. ఒక్కసారి దగ్గింది. మూడోసారికి అందుకుంది.

"ఇప్పుడు తియ్."

గేరు వేశాను. గొట్టం లేని కార్బొరేటర్ గుర్రుమంటోంది. ఆ దారి మీద అంత వేగంగా అంతకుముందు ఎన్నడూ పోలేదు. రెండుచోట్ల బండి నా కిందనుంచి పోయినంత పనైంది. ఎన్ని నిమిషాలయ్యాయో లెక్క తప్పింది. చేతిగడియారం చూసుకోవడానికి భయమేసింది.

చివరి బండ తిరిగేసరికి సుబేదార్ ఒంగి ఉన్నాడు. పేల్చే యంత్రం పిడి అప్పటికే దాని గాడిలో ఉంది. నాయక్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"ఆపండి," అన్నాను. చెయ్యెత్తాను.

సుబేదార్ నా మొహం చూశాడు. ముందు పిడి బయటికి లాగి జేబులో వేసుకున్నాడు. అది లేకుండా యంత్రం పనిచేయదు. తర్వాత తీగలు విప్పాడు. అప్పుడు అడిగాడు.

"ఏమిటి?"

"గుడిసెలో ఎవరో ఉన్నారు. పొయ్యి వెలిగింది."

నాయక్ విజిల్ తీసి, నేలమీద కూర్చుండిపోయాడు.

సుబేదార్‌ను వెనక ఎక్కించుకుని గుడిసె దగ్గరికి వెళ్లాను. తడిక తీశాను. లోపల మూడు రాళ్ల పొయ్యి, దాని మీద కుండ. పక్కన ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, తలకు గుడ్డ కట్టుకుని కూర్చుంది. ఒళ్లో చీరముక్కలో చుట్టిన పసిపాప. మా యూనిఫారాలు చూసి గోడ వైపు జరిగింది.

"అందరూ పోయినారు కదమ్మా. నువ్వేల పోలేదు?" అన్నాను.

"బాలింతను సారూ. మొన్ననే కాన్పయింది. సలిల బయటికి పోవద్దు, జర సేపట్ల అయిపోతది, పండుకో అన్నది మా అత్త. ఎంతసేపయినా వాళ్లు రాకపాయె. పోరికి సలిపెడుతుంది. నీళ్లు కాగవెడుతున్న."

సుబేదార్‌కు హిందీలో చెప్పాను. "నిన్న ఎక్కడుందో అడుగు," అన్నాడు.

అడిగాను.

"నిన్న గూడ ఈడనే ఉన్న. గుడిసె జర ఊగింది. గంతే."

ఆ మాట కూడా హిందీలో చెప్పాను. సుబేదార్ విని, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

ఆమె పేరు మణెమ్మ. లేచి నిలబడితే కాళ్లు తూలుతున్నాయి. నేను ఒక పక్క పట్టుకున్నాను. అప్పటికి యాదగిరి రొప్పుతూ చేరుకున్నాడు. పాపను అందుకున్నాడు. మెల్లగా, ఆమె ఎంత నడిస్తే అంతే, మలుపు దాటి బండ చాటుకు చేర్చాం. ఆమె అత్త ఎదురొచ్చి మొదట కోడల్ని తిట్టింది, తర్వాత పట్టుకుని ఏడ్చింది. సుబేదార్ ప్రతి గుడిసెలోకీ తానే దూరి చూసి వచ్చాడు. మేస్త్రి లెక్క మళ్లీ అడగలేదు.

ఆయన్ను బండి మీద అవతల దింపి, నేను మళ్లీ మలుపు దగ్గరికి వచ్చాను. ఆ తర్వాతే పేల్చాం. పనంతా అయ్యాక గుడిసెల దగ్గరికి వెళ్లి చూశాను. నీలి బరకంలో నా పిడికిలి పట్టేంత చిరుగు. కుండ పగిలి, పొయ్యి తడిసి చల్లారింది. బూడిదలో ఇనుప ముక్క ఒకటి దొరికింది. దాన్ని ఎవరికీ చూపించకుండా గుంటలోకి విసిరేశాను.

మధ్యాహ్నం కార్బొరేటర్ విప్పాను. గాలిదారిని మూసే పలక గాడిలో రాతిపొడి, నూనె కలిసి ముద్దలా గట్టిపడ్డాయి. పలక సగం దిగి ఆగిపోతోంది. దాన్ని లాగే తీగ సాగిపోయింది, అందుకే లీవరు మాత్రం చివరిదాకా వచ్చేది. చేతికి తెలిసేదొకటి, లోపల జరిగేదొకటి. గాడి పెట్రోలుతో కడిగాను. తీగ బిగించాను. మర్నాడు మంచు ఇంకా దట్టంగా ఉంది. రెండో కిక్కుకే అందుకుంది.

ఆపరేటర్ టీ గ్లాసు అందించి, "ఇక దీనికి రజాయి వద్దులే," అన్నాడు. ఈసారి నవ్వాను.

ఇంకొన్నాళ్లకు గుడారాలు విప్పాం. ట్రక్కు వచ్చింది. బండిని పైకెక్కించి తాళ్లతో కట్టాం. గుడిసెల దగ్గర పిల్లలు చేతులూపారు. మణెమ్మ బయటికి రాలేదు, పురుడు ఇంకా వెళ్లలేదు. తర్వాత నేను చాలా చోట్ల పనిచేశాను. దీనికంటే చలి, దీనికంటే ప్రమాదం చూశాను. సర్వీసు ముగించుకుని ఊరికి వచ్చాక మనుషులు సరిహద్దుల గురించి అడుగుతారు. అడిగినవాటికి జవాబు చెబుతాను.

నాకు మాత్రం కనిపించేది వేరే. ఆ ఉదయం రెండో విజిల్ మోగినప్పుడు పాప ఇంకా యాదగిరి చేతుల్లోనే ఉంది. బండ చాటున కూర్చోమని ముందే చెప్పాను. ఆయనకు ఆ చాటు చాలలేదు. స్వెట్టరు ఎత్తి పాపను లోపలికి దూర్చుకున్నాడు. గుట్టకు వీపు పెట్టి మోకాళ్ల మీద కూలబడి, ఆ భారీ ఒళ్లంతా ముందుకు వంచి, గుండ్రంగా ముడుచుకున్నాడు. నేల అదిరింది. దుమ్ము మా మీదుగా పోయింది. చిన్న రాళ్లు రాలి ఆగిపోయాక కూడా ఆయన లేవలేదు. స్వెట్టరు వీపు నిండా తెల్లటి రాతిపొడి. ఊపిరి బిగబట్టి, లోపల ఏడుపు వినిపిస్తుందా అని చెవి ఒగ్గి, అలాగే ఉన్నాడు.